జగడా పీతలది కాదు, మకాన్‌ది

గాజుపెట్టెలో పెంచుకునే హెర్మిట్ క్రాబ్‌లు ఒకదాన్నొకటి పట్టి లాగుతాయి. గుల్లలోంచి ఈడ్చి బయట పడేస్తాయి. ఒక్కోసారి చంపి తినేస్తాయి కూడా. అది చూసి పెంచేవాళ్ళ నోట వచ్చే మొదటి మాట, “ఇది చాలా గుస్సా పీత.” రెండో మాట, “దీన్ని వేరే డబ్బాలో పెట్టెయ్యాలి.” దుకాందారుని అడిగినా అదే సలహా. జాలిమ్ ఒకడు, మజ్లూమ్ ఒకడు, మధ్యలో ఒక గాజు గోడ. కేసు ఖతం.

ఈ తీర్పుతో నాకు పేచీ ఉంది. అదాలత్‌లో ముద్దాయిని నిలబెట్టారు సరే, ఆ ఇంటిని ఎవరైనా తనిఖీ చేశారా? పెట్టెలో ఎన్ని గుల్లలున్నాయో లెక్కపెట్టారా? ఇసుక ఎంత లోతుందో చూశారా? రాత్రి ఏం తిండి పెట్టారో అడిగారా? ఇవేమీ అడక్కుండా బేజుబాన్ జాన్వర్ మీద గుస్సా ఇల్జామ్ వేస్తున్నాం. పెట్టెలో జరిగే లడాయిల్లో చాలావాటికి మూలం మనం కట్టిచ్చిన ఇంట్లో ఉందని నా వాదన. ఇల్లు మారిస్తే చాలా జగడాలు వాటంతటవే చల్లబడతాయి. మారని జగడాలు కొన్ని ఉంటాయి. వాటి గురించీ చెప్తాను.

ముందు ఈ జీవి ఎవరో పహెచాన్ చేసుకుందాం. స్కూల్లో, కాలేజీలో జంతుశాస్త్రం చదివినవాళ్ళకి ‘సన్యాసి పీత’ అంటే గుర్తొస్తుంది. ఇంగ్లీషు పేరుకీ అర్థం అదే. గోషానషీన్, అంటే లోకం వదిలేసి ఒక మూల కూర్చున్న ఫకీరు. ఆ పేరు పెట్టినవాళ్ళు గుల్లలో ముడుచుకున్న జిస్మ్‌ని చూశారేగాని దాని జిందగీని చూడలేదు. ఫకీరుకి మకాన్ మీద మోహం ఉండదు, దీనికి మకానే ప్రాణం. ఫకీరుకి ఏకాంతం కావాలి, నేల మీద బతికే ఈ పీతలేమో తీరాల్లో పదులుగా, వందలుగా కలిసి తిరుగుతాయి. పేరులోనే దానికి అన్యాయం మొదలైందన్నమాట.

దీని ముందు భాగం మామూలు పీతలాగే గట్టి కవచంతో ఉంటుంది. ఎడమ డెక్క పెద్దది. గుల్లలోకి దూరాక దాన్నే తలుపులాగా అడ్డం పెట్టుకుంటుంది. వెనక భాగం మాత్రం నరమ్‌గా, మెలితిరిగి, ఏ కవచం లేకుండా ఉంటుంది. ఆ నాజూక్ భాగాన్ని కాపాడుకోవడానికి చచ్చిపోయిన నత్త వదిలేసిన గుల్లలో దూరుతుంది. గుల్ల పనాహ్ ఒక్కటే కాదు, నీళ్ళ కుండ కూడా. ఈ పీతలు నేల మీద బతుకుతున్నా ఊపిరి పీల్చుకునేది మార్పు చెందిన మొప్పలతోనే. ఆ మొప్పలు తడిగా ఉండాలి. అందుకే గుల్లలో కాసిని నీళ్ళు మోసుకు తిరుగుతుంది. గుల్ల పోతే ఒకే దెబ్బకి ఇల్లూ, కవచమూ, నీళ్ళూ మూడూ పోయినట్టే.

ఇంకో ముష్కిల్ ఉంది. పీత పెరుగుతుంది, గుల్ల పెరగదు. తన గుల్లని తాను తయారు చేసుకోలేదు. కాబట్టి జిందగీ అంతా కిరాయి ఇళ్ళు మారుతూ బతకాల్సిందే. అడవిలో ఈ జీవులు ముప్పై ఏళ్ళ దాకా బతకగలవు. ముప్పై ఏళ్ళు ఇల్లు వెతుక్కునే జీవిని తెచ్చి, ఒకే ఒక్క గుల్లతో గాజుపెట్టెలో పెట్టి, తర్వాత ‘ఎందుకు కొట్టుకుంటోంది’ అని హైరాన్ అవుతున్నాం.

మరి అసలు వతన్‌లో ఇవి ఎలా బతుకుతున్నాయి? అమెరికాలో ఎక్కువగా అమ్ముడయ్యేది కరీబియన్ దీవుల జాతి. శాస్త్రంలో దాని పేరు సీనోబిటా క్లైపియేటస్. డెక్క ఊదా రంగులో ఉంటుంది కాబట్టి బజారులో ‘పర్పుల్ పించర్’ అంటారు. మధ్య అమెరికా దేశం బెలీజ్ తీరంలో ఈ జాతినే గమనించిన పరిశోధకులు 2010లో ఒక విచిత్రాన్ని ప్రచురించారు. ఒక పెద్ద ఖాళీ గుల్ల తీరాన పడి ఉంటుంది. ఒక పీత వచ్చి దాన్ని కొలిచి చూస్తుంది. తనకి పెద్దదైపోయింది. వెళ్ళిపోదు, పక్కనే ఇంతెజార్ చేస్తుంది. ఇంకోటి వస్తుంది. అదీ ఆగుతుంది. మెల్లగా పెద్దది ముందు, చిన్నది వెనక, ఒకదాన్నొకటి పట్టుకుని ఖతార్ కడతాయి. చివరికి ఆ గుల్లకి సరిపోయే పీత వచ్చి అందులోకి మారగానే, దాని పాత ఇంట్లోకి రెండోది, రెండోదాని ఇంట్లోకి మూడోది, నిమిషాల్లో చకచకా మారిపోతాయి. ఒక్క ఖాళీ మకాన్‌తో ఖతార్ మొత్తానికి ప్రమోషన్ అన్నమాట.

దీన్ని ఖాళీల గొలుసు అంటారు. ఆ ఆలోచన మొదట మనుషుల నుంచే వచ్చింది. 1970లో సమాజశాస్త్రవేత్త హారిసన్ వైట్ కొలువుల గురించి రాస్తూ, ఒక పై కుర్చీ ఖాళీ అయితే కిందిదాకా ఎన్ని ఖాళీలు కదులుతాయో లెక్కగట్టాడు. తర్వాత ఇవాన్ చేజ్ అనే ఇంకో సమాజశాస్త్రవేత్త అదే లెక్క పీతల గుల్లలకీ సరిపోతుందని చూపించాడు. రైల్వే కౌంటర్ ముందు మనం చూపించే సబర్ కన్నా ఈ పీతల సబర్ కొంచెం ఎక్కువేనేమో. ఇల్లు దొరికే దారి కనిపిస్తే ఈ జీవి ఆగగలదు, వరసలో నిలబడగలదు. దాన్ని పుట్టు జగడాలకోరు అనడం ఎంతవరకు ఇన్సాఫ్?

అయితే అడవి అంటే జన్నత్ అని చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను. కోస్టారికా తీరంలో ఇంకో జాతి ఉంది, సీనోబిటా కంప్రెసస్. మార్క్ లైడ్రే అనే పరిశోధకుడు దాన్ని ఏళ్ళ తరబడి గమనించాడు. ఈ పీతలు మంచి కారీగర్లు. గుల్ల లోపలి మెలికని గీకి, అరగదీసి, ద్వారం వెడల్పు చేసి, బరువు తగ్గించి, గదిని విశాలం చేసుకుంటాయి. అలా చెక్కిన ఇల్లు ఒకదాని నుంచి ఇంకోదానికి విరాసత్‌లాగా వెళ్తూ ఉంటుంది. పెద్దయిన పీతలకి అలా చెక్కిన ఇల్లే కావాలి. సముద్రం కొత్తగా విసిరేసిన గుల్లలు వాటికి సరిపోవు. చెక్కిన ఇళ్ళేమో తక్కువ. అందుకని అక్కడ కబ్జాలు జరుగుతాయి. మూడో నాలుగో పీతలు పోగై, ఒకదాన్ని ఈడ్చి పడేసి, వరసగా ఇళ్ళు మార్చేసుకుంటాయి. ఆఖర్న అందరికంటే చిన్న గుల్ల మిగులుతుంది. ఈడ్చి పడేసినదానికి అదే గతి. అందులో పట్టక చాలాసార్లు చనిపోతుంది.

బెలీజ్ ఖతార్‌నీ కోస్టారికా కబ్జానీ పక్కపక్కన పెట్టి చూడండి. జాతులు వేరే అయినా దగ్గరి చుట్టాలే. రెండు చోట్లా అసలు సవాల్ మకానే. అది దక్కే దారి ఉన్నచోట సులహ్, దారి మూసుకుపోయినచోట లడాయి. పైగా అడవిలో ఓడిన పీతకి పారిపోవడానికి తీరం ఉంది, ఆకుల కింద చోటుంది. గాజుపెట్టెలో ఓడినదానికి నాలుగు మూలలున్నాయి, నాలుగింట్లోనూ గెలిచినదే కనిపిస్తుంది.

శాస్త్రవేత్తలు కూడా ఈ కొట్లాటకి ‘దౌర్జన్యం’ అని తేలిగ్గా పేరు పెట్టలేదు. సముద్రంలో ఉండే హెర్మిట్ క్రాబ్ తన గుల్లతో ఎదుటిదాని గుల్లని టకటకా కొడుతుంది. కొంతసేపటికి లోపలిది బయటికొస్తుంది, ఇళ్ళు మారిపోతాయి. 1978లో బ్రయాన్ హాజ్లెట్ అనే శాస్త్రవేత్త వేసిన సవాల్ ఇది: ఇది దౌర్జన్యమా, సౌదానా, లేక రెండూ కలిసినదా? ఒక్కోసారి మార్పు రెండింటికీ ఫాయిదానే. దీనిది ఇరుకు, దానిది వదులు, మార్చుకుంటే ఇద్దరికీ సరిపోతుంది. తర్వాత రాబర్ట్ ఎల్వుడ్, మార్క్ బ్రిఫా లాంటివాళ్ళు చేసిన పనిలో బలంగా, ఆగకుండా కొట్టేదే గెలుస్తుందని తేలింది. అంటే జోర్ కూడా ఉందన్నమాట. బహస్ ఇంకా నడిచింది. శాస్త్రం అంత ఆలోచించి మాట్లాడుతున్నచోట మనం ఒక్క ‘గుస్సా’ అనే మాటతో దులిపేసుకుంటున్నాం.

నా భాంజీ న్యూజెర్సీలో ఉంటుంది, పదకొండేళ్ళు. తీరంలో సెలవులకి పోయి మూడు పీతలు కొనుక్కొచ్చింది. ఆ తీరాల్లో చెక్క నడకదారుల వెంట దుకాణాల్లో ఇవి దొరుకుతాయి. తీగ పంజరంలో, గుల్ల మీద ఫుట్‌బాల్ బొమ్మో కార్టూన్ మొహమో రంగులేసి అమ్ముతారు. ఒకరోజు వీడియో కాల్‌లో అడిగింది: “మామూ, పెద్దది చిన్నదాని మీదికెక్కి ఊపుతోంది. దానికి పనిష్మెంట్ ఇవ్వాలా?” పెట్టె చూపించమన్నాను. మూడు పీతలు, మూడు గుల్లలు, రెండు వేళ్ళ మందం రంగురాళ్ళు, ఒక స్పాంజి. “బేటా, ముగ్గురికీ మూడే చొక్కాలిచ్చి, పదేళ్ళు అవే తొడుక్కోమంటే మీ అన్నాచెల్లెళ్ళు కొట్టుకోరా?” అన్నాను. నవ్వింది. ఆ నవ్వులోనే సగం ఇలాజ్ ఉంది. మిగతా సగానికి కొంచెం పని చెయ్యాలి.

ముందు ఏది లడాయి, ఏది కాదు అన్నది తెలుసుకోవాలి. రెండు పీతలు ఎదురుపడి మీసాలతో ఒకదాన్నొకటి చకచకా తడుముకుంటే అది ములాఖాత్. నువ్వెవరు, ఎంత పెద్దదానివి, ఎక్కడినుంచి వచ్చావు అని అడుక్కోవడం. కొత్త పీతని తెచ్చినప్పుడు ఇది రెండుమూడు రోజులు ఎక్కువగా జరుగుతుంది. ఆపకూడదు. ఒకటి ఇంకోదాని మీదుగా ఎక్కి దాటిపోతే అదీ జగడా కాదు. వాటికి మర్యాద అంటే మన మర్యాద కాదు, దారిలో ఉన్నది రాయైనా పీతైనా ఎక్కి పోవడమే. డెక్కతో పక్కకి తోసెయ్యడం, కాలితో తన్నినట్టు చెయ్యడం, కిచకిచమని చిరాకు చప్పుడు చెయ్యడం, ఇవన్నీ మొహల్లాలో మామూలు నోటి తగాదాలు. వీటికి పంచాయతీ పెట్టనవసరం లేదు.

అసలు ఖతరా రెండు చోట్లుంది. ఒకటి, గుల్ల కోసం కబ్జా. ఒక పీత ఇంకోదాని గుల్లని పట్టుకుని తిరగేస్తుంది, ఊపుతుంది, ద్వారంలోకి డెక్క పెట్టి లోపలిదాన్ని పట్టుకుని లాగుతుంది. లోపలిది ఎంత లోపలికి పోగలిగితే అంత లోపలికి ముడుచుకుంటుంది. ఇది గంటల తరబడి సాగితే కాలో డెక్కో ఊడొచ్చు, ప్రాణమే పోవచ్చు. రెండు, కుబుసం విడిచే వేళ. పీత పెరగాలంటే పై కవచం వదలాలి. అందుకు ఇసుకలోకి లోతుగా తవ్వుకుని పోయి, వారాలు, పెద్దవైతే నెలలు చీకట్లో ఉంటుంది. పాత కవచం వదిలి, దాన్నే తిని, అందులోని కాల్షియంతో కొత్తది గట్టిపరుచుకుంటుంది. ఊడిపోయిన కాళ్ళు మళ్ళీ మొలిచేది కూడా అప్పుడే. ఆ రోజుల్లో ఒళ్ళంతా వెన్నలాగా ఉంటుంది. వేరే పీతలకి దాని వాసన తగిలితే, వాటికది తిండిలాగే కనిపిస్తుంది.

పెంచేవాళ్ళు ‘హత్య’ అని చెప్పే కథల్లో చాలావాటిలో జరిగేది ఇదే. ఇప్పుడు చెప్పండి, కసూర్ ఎవరిది? భూమిలోకి దిగి దాక్కోవాల్సిన జీవికి రెండు వేళ్ళ మందం రాళ్ళు వేసి, పైనే కుబుసం విడవాల్సిన మజ్బూరీలోకి నెట్టాం. పడుకున్నవాడి ఇంటికి తలుపు తీసేసి, దొంగ పడ్డాడని దొంగనే తిడుతున్నాం.

అందుకే జగడాకి ఇలాజ్ జగడాలో వెతక్కూడదు, ఇంటి ఇంతెజామ్‌లో వెతకాలి. పద్దు ఇదీ.

మొదటిది గుల్లలు. ఒక్కో పీతకి కనీసం మూడు నుంచి ఐదు ఖాళీ గుల్లలు పెట్టెలో ఉండాలి. ఇప్పుడున్నదాని కంటే కొంచెం పెద్దవి, అంతంతే ఉన్నవి, ఇంకాస్త పెద్దవి, అలా రకరకాలు. ఊదా డెక్క జాతికి గుండ్రటి ద్వారం ఉన్న టర్బో జాతి నత్తల గుల్లలంటే ఇష్టం. కొన్ని జాతులకి వెడల్పాటి, అర్ధచంద్రాకారపు ద్వారం సరిపడుతుంది. ద్వారం కొలతకి పెద్ద డెక్కే కొలబద్ద. పాత గుల్లలైతే నీళ్ళలో మరిగించి, చల్లార్చి, ద్వారం పైకి ఉండేట్టు పెట్టండి. రంగులేసిన గుల్లలు వద్దు. రంగు పెచ్చులూడుతుంది, పీత దాన్ని గీకి తింటుంది. కొన్ని చోట్ల అమ్మకందార్లు సహజమైన గుల్లలోని పీతని బలవంతంగా రంగు గుల్లలోకి మారుస్తారనే ఆరోపణ పాతదే. పీత రంగు గుల్లని ఇష్టపడి ఎంచుకుంది అనుకుంటే అది మన ఖయాల్ మాత్రమే. పక్కన మంచి మామూలు గుల్లలు పెట్టి కొన్నాళ్ళు చూడండి, జవాబు అదే చెప్తుంది.

రెండోది లోతు. మామూలు ఇసుకలో కొబ్బరి పొట్టు కలిపి, ఐదు పాళ్ళు ఇసుకకి ఒక పాలు పొట్టు, పిల్లలు సముద్రం ఒడ్డున గూళ్ళు కట్టేంత తడిగా చెయ్యండి. కనీసం ఆరు అంగుళాలు, లేదా మీ పీతల్లో అన్నిటికంటే పెద్దదాని ఎత్తుకి మూడింతలు, ఏది ఎక్కువైతే అంత. భూమిలోకి పోయిన పీతని ‘చచ్చిందేమో’ అని తవ్వి చూడకండి. దాని ఇంతెజార్‌కి మన సబర్ తోడు కావాలి.

మూడోది గాలి, నీళ్ళు. తేమ 80 శాతం దగ్గర, వేడి 24 నుంచి 29 డిగ్రీల మధ్య ఉండాలి. ఇందుకోసం తీగ పంజరం పనికిరాదు, మూత ఉన్న గాజుపెట్టె కావాలి. తేమ తగ్గితే మొప్పలు ఎండుతాయి, పీత మెల్లగా ఊపిరాడక పోతుంది. అది గుల్లలు మార్చడం, నీళ్ళు ఎక్కువ పట్టే ఇంటి కోసం ఇంకోదాని మీద పడడం, ఈ తక్లీఫ్‌కి సంబంధం లేదని ఎలా అంటాం? రెండు గిన్నెలు పెట్టండి. ఒకటి క్లోరిన్ లేని మంచినీళ్ళు, ఒకటి సముద్రపు అక్వేరియాల కోసం అమ్మే ఉప్పు కలిపిన నీళ్ళు. వంటింటి ఉప్పు వద్దు. పీత లోపలికి దిగగలిగేంత లోతు, మళ్ళీ ఎక్కి రావడానికి ఒక మెట్టు ఉండాలి.

నాలుగోది తిండి. దుకాణంలో దొరికే పొడి గుళికలే పెడుతూ పోతే ఆకలి తీరినా జరూరత్ తీరదు. వీటికి మాంసకృత్తులు కావాలి. ఎండు రొయ్యలు, ఉప్పూ మసాలా లేని చేప ముక్క, ఉడికించిన గుడ్డు. కాల్షియం కావాలి. గుడ్డు పెంకుల పొడి, కటిల్ చేప ఎముక. పళ్ళు, ఆకులు కూడా తింటాయి. తిండి ఒకే గిన్నెలో పోసి ఒకే మూల పెడితే పెద్దది దాని మీదే కూర్చుంటుంది. రెండు మూడు చోట్ల పెట్టండి. దావత్‌లో ఒకే దేగ్చా దగ్గర అందర్నీ తోసుకోమంటే మనుషులే ఆగరు.

ఐదోది చోటు. రెండు మూడు చిన్న పీతలకే 40 లీటర్ల పెట్టె కనీసం. పెద్దవైతే, సంఖ్య పెరిగితే, ఇంకా కావాలి. ఎక్కడానికి కొమ్మలు, దాక్కోవడానికి బోలు చెక్కలు, నాచు ఉండాలి. ఓడినది కళ్ళబడకుండా పోగలిగే చోటు ఉంటే సగం లడాయిలు మధ్యలోనే ఆగిపోతాయి.

ఇక ఆ ‘వేరే డబ్బా’ సంగతి. ఇది పూర్తిగా తప్పని నేననను. కబ్జా జరుగుతున్నప్పుడు చేత్తో బలంగా లాగొద్దు, లోపలిది వదలక చీలిపోవచ్చు. రెండింటినీ మెల్లగా విడదీసి, కొట్టేదాని ముందు నాలుగు మంచి గుల్లలు పెట్టి చూడండి. అప్పటికీ ఆగకపోతే కొన్నాళ్ళు వేరు చెయ్యండి. పైనే కుబుసం విడుస్తున్న పీత కనిపిస్తే దాన్ని కదపకుండా, అడుగు కోసేసిన ప్లాస్టిక్ డబ్బాని దాని చుట్టూ ఇసుకలోకి దిగ్గొట్టి, పైన గాలి రంధ్రాలున్న మూత పెట్టండి. అదే పెట్టె, అదే తేమ, కాని ఎవరూ రాలేరు. వదిలిన పాత కవచం దాని దగ్గరే ఉంచండి, అది దాని తిండి. ఇవి ఎమర్జెన్సీ వార్డు పనులు. కాని ప్రతి జగడాకీ విడదీయడమే ఇలాజ్ అనుకుంటే ఆఖరికి ఐదు పీతలకి ఐదు జైళ్ళు కట్టాల్సొస్తుంది. గుంపులో బతికే జీవికి ఒంటరి ఖైద్ ఇలాజ్ ఎలా అవుతుంది? అదీగాక, విడదీస్తే మనకి జవాబు దొరికినట్టు అనిపిస్తుంది, సవాల్ మాత్రం పెట్టెలోనే మిగిలిపోతుంది. గుల్లలు లేని ఇంట్లో రేపు ఇంకోటి గుస్సా పీత అవుతుంది.

కొందరు అడుగుతారు, “ఇంత చిన్న పురుగు లాంటిదానికి ఇంత తతంగమా? రెండు డాలర్లకి ఇంకోటి వస్తుంది కదా.” ధర తక్కువైతే దర్ద్ తక్కువవుతుందా? 2009లో బెల్‌ఫాస్ట్‌లో రాబర్ట్ ఎల్వుడ్, మిర్జామ్ ఆపెల్ సముద్రపు హెర్మిట్ క్రాబ్‌ల మీద చేసిన ప్రయోగం చూడండి. గుల్లలో ఉన్న పీతలకి చిన్న విద్యుత్ షాకులిచ్చారు. కొన్ని గుల్ల వదిలి బయటికొచ్చాయి. అయితే తమకి ఇష్టమైన జాతి గుల్లలో ఉన్నవి అంత తొందరగా వదల్లేదు, ఇష్టంలేని గుల్లలో ఉన్నవే ఎక్కువ వదిలాయి. తర్వాత కొత్త గుల్ల చూపిస్తే షాకు తిన్నవి దాంట్లోకి మారడానికి త్వరపడ్డాయి. అంటే దెబ్బనీ ఇంటినీ తూకం వేసుకున్నాయి, జరిగినదాన్ని గుర్తుపెట్టుకున్నాయి. అది వట్టి యంత్రం చేసే పని కాదు. బ్రిటన్ ప్రభుత్వం ఇలాంటి పరిశోధనలన్నీ నిపుణుల చేత పరిశీలింపజేసి, పీతల్నీ రొయ్యల్నీ కూడా ఎహసాస్ ఉన్న ప్రాణులుగా 2022 చట్టంలో చేర్చింది. కానూన్‌కి అర్థమైన సంగతి మన బొమ్మల దుకాణానికి ఇంకా అర్థం కాలేదు.

ఇక్కడే నా అసలు మాట. మకాన్ బాగు చెయ్యడం ఇప్పటికే పెట్టెలో ఉన్నవాటి కోసం. కొత్తగా కొనడం గురించి అడిగితే, కొనొద్దనే అంటాను. ఎందుకంటే ఈ తిజారత్‌లో అమ్ముడయ్యే పీతలు దాదాపు అన్నీ తీరాల నుంచి పట్టి తెచ్చినవే. కోళ్ళలాగా ఫారాల్లో పుట్టినవి కావు. తల్లి పీత గుడ్లని సముద్రంలో వదులుతుంది. పిల్లలు కొన్ని వారాలు నీళ్ళలో ఈది, రూపాలు మారి, చిన్న గుల్ల వెతుక్కుని ఒడ్డెక్కుతాయి. ఆ సమందర్‌ని ఇంట్లో తయారు చెయ్యడం ఎంత కష్టమంటే, సఫలమైన శౌకీన్లు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. కాబట్టి మనం కొనే ప్రతి పీతా ఏదో ఒక తీరం నుంచి తగ్గిన పీత. దుకాణంలో అది అయిపోగానే ఇంకోదానికి ఆర్డర్ వెళ్తుంది. ఇదీ ఒక ఖాళీల గొలుసే, కాకపోతే ఇందులో ఎవరికీ ఇల్లు పెరగదు. ముప్పై ఏళ్ళు బతకాల్సినది చాలా ఇళ్ళల్లో కొన్ని నెలలకే పోతుంది. జపాన్ తన నేల పీతల్ని 1970లోనే సహజ స్మారకంగా ప్రకటించి కాపాడుకుంటోంది. మన దేశంలో వీటి పెద్దన్న లాంటి కొబ్బరి పీత, పెద్దయ్యాక గుల్ల అవసరమే లేకుండా బతికేది, వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. నికోబార్ వైపు దీవుల్లో ఉంటుంది అది. పెద్దన్నకి ఇచ్చిన ఇజ్జత్‌లో తమ్ముళ్ళకి కొంచెమైనా ఇవ్వలేమా?

ఇప్పటికే ఇంట్లో ఉన్నవాటిని మాత్రం “ఆజాదీ ఇస్తున్నాను” అని దగ్గర్లోని తీరంలో వదిలెయ్యకండి. న్యూజెర్సీ చలి కరీబియన్ పీతకి మౌత్. వెచ్చని తీరమైనా అది దాని ఊరు కాకపోవచ్చు, అక్కడి జీవులకి కొత్త రోగం మోసుకుపోవచ్చు. తెచ్చుకున్నాక అది మెహమాన్ కాదు, మన జిమ్మేదారీ. అది బతికినన్నాళ్ళూ.

పీతల్ని పెంచనివాళ్ళకి కూడా ఇందులో పని ఉంది. విశాఖ వెళ్ళినా, అండమాన్ వెళ్ళినా, తీరం నుంచి సంచులకొద్దీ గుల్లలు ఏరుకురావడం మనకో షౌక్. షోకేసులో దుమ్ము పట్టే ఆ గుల్ల అక్కడ ఎవరికో మకాన్. గుల్లలు తగ్గిన తీరాల్లో పీతలు సీసా మూతల్లో, ప్లాస్టిక్ డబ్బాల్లో దూరుతున్నాయి. 2024లో పోలండ్ పరిశోధకులు ఇంటర్నెట్‌లో జనం పెట్టిన ఫొటోలు వెతికితే, నేల మీద బతికే 16 జాతుల్లో 10 జాతులు అలా చెత్తని తొడుక్కుని కనిపించాయి. ఇంకో భయంకరమైన లెక్క ఉంది. హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లో, పసిఫిక్‌లోని హెండర్సన్ దీవిలో కలిపి దాదాపు 5,70,000 పీతలు ప్లాస్టిక్ సీసాల్లో, డబ్బాల్లో చిక్కి చనిపోయి ఉంటాయని ఆ దీవుల్ని సర్వే చేసిన పరిశోధకులు అంచనా వేశారు. ఎలాగంటే, ఒకటి సీసాలోకి దిగి, జారుడు గోడ ఎక్కలేక చనిపోతుంది. చచ్చిన పీత వాసన మిగతావాటికి ఒక పైగామ్: ఇక్కడ ఒక ఇల్లు ఖాళీ అయింది. ఆ పిలుపు విని ఇంకోటి వస్తుంది, అదీ చిక్కుతుంది. దాని వాసనకి ఇంకోటి. ఒక్క సీసాలో వందలు పోగైన సందర్భాలున్నాయి.

లక్షల ఏళ్ళుగా ‘ఇల్లు దొరుకుతుంది రా’ అని చెప్పిన వాసన, మన చెత్త పుణ్యమా అని ‘రా, చావు’ అని పిలుస్తోంది. గాజుపెట్టెలో జరిగేదీ దీనికి చిన్న నమూనాయే. రెండు చోట్లా పీత తన ఫిత్రత్ ప్రకారం సరిగ్గానే నడుస్తోంది. ఇల్లు వెతుక్కుంటోంది, అంతే. దారి తప్పించింది మనం.

కాబట్టి ఈసారి ఎవరైనా “మా పీతలు కొట్టుకుంటున్నాయి, ఏది చెడ్డది?” అని అడిగితే, పీతల వైపు చూడకండి. పెట్టెలో ఖాళీ గుల్లలు ఎన్నున్నాయో లెక్కపెట్టమనండి.